గాలికి ఎదురెళ్లే చిన్న పడవలు

బందరు నుంచి నాగాయలంక దాకా ఎక్కడ నిలబడి చూసినా గాలికి అడ్డం వచ్చే కొండ లేదు, గుట్ట లేదు. సముద్రం మీద లేచిన గాలి రొయ్యల చెరువులు, వరి చేలు దాటుకుంటూ గుడివాడ దాకా వచ్చేస్తుంది. వేసవి సాయంత్రాల్లో పైరగాలి కోసం అరుగుల మీద కూర్చుని ఎదురుచూసే మనకు ఆ గాలి విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ గాలినే తెరచాపకు పట్టి, ఒకరో ఇద్దరో ఎక్కే చిన్న పడవలతో పందెం వేసే ఆట సెయిలింగ్. ఆ పడవలే డింగీలు. తెలుగునాట ఇప్పుడు ఈ ఆటకు పేరున్న చోటు హైదరాబాదు హుస్సేన్ సాగర్. తెరచాపతో మన అనుబంధానికి పాత ఆనవాళ్లు మాత్రం కృష్ణ దిగువనే ఉన్నాయి. అక్కడివీ ఇక్కడివీ కలిపి కొన్ని విశేషాలు.

◆ రెండో శతాబ్దంలో యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద ఓడ బొమ్మ వేయించాడు. దానికి రెండు తెరచాప కొయ్యలు స్పష్టంగా కనిపిస్తాయి. రాజు తన నాణెం మీద ఓడను నిలబెట్టాడంటే తీరం మీద బతుకు ఎంతగా దానితో ముడిపడి ఉండేదో ఊహించవచ్చు. అదే శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ ఈ తీరాన్ని మైసోలియా అన్నాడు. ఇక్కడి రేవుల్లో కొంటకోస్సిల అని ఒకటి రాశాడు. అది మన ఘంటసాలే అని పండితులు గుర్తించారు. ఘంటసాలలో దొరికిన శాసనాల్లో ఒకటి ఒక మహానావికుణ్ణి పేర్కొంటుంది. చల్లపల్లి పక్కన ఈరోజు చేలమధ్య కనిపించే ఆ ఊళ్లో ఒకప్పుడు ఓడ నడిపే పెద్దలు కాపురముండేవారన్న మాట.

తీరం వెంట వెళ్లే ఓడలు ఒడ్డును వదిలి సముద్రం అవతలి సువర్ణభూమి వైపు నడిసముద్రంలోకి తిరిగే చోటు కూడా ఈ తీరంలోనే ఉందని టాలెమీ రాశాడు. నైరుతి గాలితో తూర్పుకు, ఈశాన్య గాలితో వెనక్కు. ఆ లెక్క తెలియనివాడు ఓడ ఎక్కేవాడు కాదు.

◆ మచిలీపట్నం అనే బందరు పేరును తలపించే పడవ ఒకటి ప్రపంచ పడవల చరిత్రలో ఉంది. అది మసూలా పడవ. దానికి ఇనుప మేకు ఒక్కటీ ఉండదు. లోపల పక్కటెముకల్లాంటి వాసాలూ ఉండవు. మామిడి పలకల్ని అంచుకు అంచు చేర్చి, మధ్యలో పీచు కుక్కి, కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. మేకులు కొట్టిన గట్టి పడవ అలల దెబ్బకు ఇసుక మీద పడితే పగులుతుంది. కుట్టిన పడవ వంగి, కదిలి, దెబ్బను తట్టుకుంటుంది.

ఈ పడవ అవసరం ఎందుకొచ్చిందంటే బందరు దగ్గర సముద్రం అంత లోతు తక్కువ. 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషు వర్తకులు వచ్చినప్పుడూ అంతే, ఆ తర్వాతా అంతే. పెద్ద ఓడ మైళ్ల దూరంలో లంగరు వేసుకుని ఆగాలి, సరుకు చిన్న పడవల్లో ఒడ్డుకు రావాలి. 1670ల్లో ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు ఇక్కడి పడవల గురించి రాయడమే కాదు, వాటి బొమ్మలు కూడా గీసిపెట్టాడు. పెద్ద ఓడల గురించి చరిత్ర పుస్తకాలు చాలా చెబుతాయి. వాటిని బతికించిన ఈ కుట్టు పడవల గురించి, వాటిని నడిపిన పల్లెకారుల గురించి ఇంకా చాలా చెప్పాల్సి ఉంది.

◆ కట్టుమరాల సంగతి ప్రపంచానికి చెప్పినవాళ్లలో ఒకడు ఇంగ్లీషు నావికుడు విలియం డాంపియర్. 1697లో అచ్చయిన తన పుస్తకంలో కోరమాండల్ తీరంలో దుంగలు కట్టి చేసిన తెప్పల్ని ఆ పేరుతో రాశాడు. తర్వాత ఆ పేరు రెండు పొట్టల పడవకు వెళ్లిపోయింది. 1876లో నథానియెల్ హెరెషాఫ్ అమెరికాలో అమరిల్లిస్ అనే జంటపొట్టల పడవ కట్టి న్యూయార్క్ పందెంలో పెద్ద పెద్ద పడవల్ని దాటేశాడు. ఓడినవాళ్ల ఫిర్యాదుల మీద ఆ రకం పడవల్ని పందేల నుంచే తప్పించారు. ఇప్పుడు ఒలింపిక్స్‌లో నాక్రా 17 అనే జంటపొట్టల పడవకు ప్రత్యేక పోటీయే ఉంది.

◆ మన డెల్టాలో తెరచాప సముద్రానికే పరిమితం కాలేదు. 1850ల్లో బెజవాడ ఆనకట్ట కట్టాక తవ్విన కాలువలు నీళ్లతో పాటు పడవల్ని కూడా మోశాయి. బందరు కాలువ మీద ధాన్యం పడవలు లాకులు దాటుకుంటూ వచ్చేవి. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. ఎదురుగాలైతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు భుజాన వేసుకుని లాగేవారు. కాలువ ఇరుకు కాబట్టి ఎదురుగాలికి వేరే దారి లేదు.

◆ విశాలమైన నీళ్లలో మాత్రం దారి ఉంది. గాలి వచ్చే వైపుకే పడవను తెరచాపతో నడిపించవచ్చు! ఈ ఆటలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కట్టిపడేసే సంగతి ఇదే.

సూటిగా గాలికి ఎదురు ఏ పడవా వెళ్లలేదు. తెరచాప రెపరెపలాడుతూ ఆగిపోతుంది. కానీ గాలికి 45 డిగ్రీలు వారగా పెడితే ఉబ్బిన తెరచాప పక్షి రెక్కలా పనిచేసి పడవను ముందుకూ పక్కకూ లాగుతుంది. పక్కకు పోకుండా పడవ మధ్య నుంచి నీళ్లలోకి దించిన పలక అడ్డుకుంటుంది. దాన్ని డాగర్‌బోర్డ్ అంటారు. మిగిలింది ముందుకు నడక. కాసేపు కుడివారగా, కాసేపు ఎడమవారగా, తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లా తిరుగుతూ పైకి చేరాలి. ఆ మలుపు తిప్పడమే ట్యాకింగ్. ఈ తీరపు కట్టుమరాల వాళ్లు కూడా తెరచాప వేసినప్పుడు దుంగల సందున పలక దించేవారు. సూత్రం ఒకటే.

◆ గాలి రెట్టింపైతే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. గాలి రోజున డింగీ పందెం ఎందుకంత కష్టమో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

లేజర్ అనే ఒంటరి డింగీనే తీసుకుందాం. పొడవు 4.23 మీటర్లు, పడవ బరువు సుమారు 59 కిలోలు, తెరచాప 7.06 చదరపు మీటర్లు. గాలి వేగాన్ని నాట్లలో కొలుస్తారు. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లు. 10 నాట్ల గాలి ఆ తెరచాపను సుమారు 11 కిలోల బరువుతో తోస్తుందనుకుంటే, 20 నాట్ల గాలి సుమారు 44 కిలోల బరువుతో తోస్తుంది. ఆ తోపంతా పడవను పక్కకు పడదోయాలని చూస్తుంది. ఆపేది నడిపేవాడి ఒళ్లు ఒక్కటే. పాదాలు పడవ లోపలి పట్టీ కింద దూర్చి, తొడల దాకా బయటికి వేలాడి, నడుము నీళ్లకు జానెడెత్తున పెట్టి కాచుకోవాలి. దీన్నే హైకింగ్ అంటారు. పది నిమిషాలకే తొడలు మండుతాయి. పందెం ముప్పావుగంట ఉండవచ్చు.

బలం ఒక్కటే చాలదు. గాలి ఒకే తీరుగా వీయదు, విసురుగా వచ్చి పోతుంది. విసురు వచ్చే ముందు నీటి మీద నల్లటి మరక ఒకటి ముడతలు పడుతూ పరుగెత్తి వస్తుంది. మంచి సెయిలర్ చూపు సగం ఆ మరక మీదే ఉంటుంది. అది తగిలే క్షణానికి ముందే ఒళ్లు బయటికి వాల్చాలి, తెరచాప తాడు కాస్త వదలాలి, చుక్కాని కొద్దిగా తిప్పి పడవ ముక్కును గాలి వైపు తేవాలి. మూడూ ఒకేసారి. తగిలాక చేస్తే ఆలస్యమే.

తెరచాపను పల్చగా, సాపుగా లాగి దాని బలం తగ్గించే తాళ్లు కూడా ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు కన్నింగ్‌హామ్. 1958లో అమెరికా కప్ గెలిచిన పడవ నడిపిన బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ పేరు అది. ఆయన కార్ల పందేల్లోనూ దిట్ట.

◆ గాలి వాటుకు తిరిగాక కష్టమంతా ఆనందంగా మారిపోతుంది. మామూలుగా 4 మీటర్ల పడవ నీటిని చీల్చుకుంటూ 5 నాట్లకు మించి వెళ్లలేదు, తాను లేపిన అలే తనకు అడ్డు. కానీ గాలి బలంగా ఉంటే తేలికైన డింగీ ఆ అల మీదికెక్కి నీటి పైపైన జారిపోతుంది. ఇది ప్లేనింగ్. అప్పుడు వేగం 10 నాట్లు దాటుతుంది, చుక్కాని చేతిలో సన్నగా వణుకుతుంది. డింగీని ఇలా జారేలా కట్టాలని పట్టుబట్టినవాడు ఇంగ్లండుకు చెందిన ఉఫా ఫాక్స్. 1928లో ఆయన అవెంజర్ అనే పడవ 57 పందేల్లో దిగి 52 గెలిచింది.

◆ సెయిలింగ్ బడుల్లో పిల్లలకు మొదట్లోనే నేర్పే పాఠాల్లో ఒకటి పడవను కావాలని బోర్లా వేయడం. బోల్తాపడ్డ డింగీ మునగదు, దాని పొట్టలో గాలి ఉంటుంది. నడిపేవాడు ఈదుకుంటూ వెనక్కు వచ్చి, నీటిపైకి తేలిన డాగర్‌బోర్డ్ మీద కాళ్లు పెట్టి నిలబడి వెనక్కు వాలితే తెరచాప నెమ్మదిగా లేస్తుంది. పడవను వదిలి ఒడ్డు వైపు ఈదడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. ఒంటరి తల కంటే బోర్లాపడ్డ పడవ రక్షణ బోటు వాళ్ల కంటికి తొందరగా ఆనుతుంది. గాలి రోజున లైఫ్ జాకెట్ లేకుండా ఎవర్నీ నీళ్లలోకి వదలరు.

◆ లేజర్ పుట్టింది ఫోనులో మాట్లాడుతుండగా. 1969లో మాంట్రియల్‌కు చెందిన ఇయాన్ బ్రూస్, కారు పైకప్పు మీద కట్టుకుని పోగలిగే చిన్న పడవ ఒకటి కావాలని బ్రూస్ కిర్బీని అడిగాడు. కిర్బీ మాట్లాడుతూనే కాగితం మీద బొమ్మ గీశాడు. మొదట దానికి వీకెండర్ అని పేరు పెట్టారు, తర్వాత లేజర్ అయింది. ఇప్పటికి రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ఈమధ్య దాన్ని ఐఎల్‌సీఏ అని పిలుస్తున్నారు. ఒకే పడవకు మూడు కొలతల తెరచాపలు ఉండటం దీని మేలు. బక్కపల్చటి పిల్లలు చిన్న తెరచాపతో, బరువైన పెద్దలు పెద్ద తెరచాపతో పోటీపడవచ్చు.

◆ పిల్లల పడవ ఆప్టిమిస్ట్. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రెండు ప్లైవుడ్ పలకల్లోంచి తీయగలిగేలా గీశాడు. పొడవు రెండుంపావు మీటర్లకు కాస్త పైన, ముక్కు కోసేసినట్టు చదునుగా ఉంటుంది. పదిహేనేళ్ల దాకా దీన్లోనే పోటీలు. పడవల వడ్రంగులున్న మన తీరపు ఊళ్లలో ఇలాంటి పడవ చేయడం అసాధ్యమేమీ కాదనిపిస్తుంది.

◆ పందెం మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు చూడాలి! నీళ్ల మీద గీత ఎలా గీస్తారు? ఒక చివర కమిటీ పడవ, రెండో చివర నీటిపై తేలే బోయా. వాటి మధ్య కంటికి కనిపించని గీత. ఐదు నిమిషాలుండగా ఒక జెండా, నాలుగు నిమిషాలకు ఇంకోటి, ఒక నిమిషానికి రెండోది దిగుతుంది, సున్నాకు మొదటిదీ దిగుతుంది. డింగీకి బ్రేకు లేదు. ముప్పై నలభై పడవలు 20 నాట్ల గాలిలో ఒకదాన్నొకటి తగలకుండా గీత వెనకే తచ్చాడుతూ, సరిగ్గా సున్నాకు నిండు వేగంతో గీత దాటాలి. ముందుగా దాటినవాళ్లు వెనక్కు వెళ్లి మళ్లీ రావాలి. సగం పందెం ఇక్కడే తేలిపోతుందంటారు. నాకూ అదే నిజమనిపిస్తుంది.

◆ నీళ్ల మీద ఈలవేసే అంపైరు సాధారణంగా ఉండడు. తప్పు చేసినవాడు తానే ఒప్పుకుని, పడవను రెండు చుట్లు గిరగిరా తిప్పి శిక్ష వేసుకుంటాడు. అడ్డం వస్తే దారెవరిదన్న దానికి మొదటి నియమం తేలిక: గాలి కుడివైపు నుంచి తగులుతున్న పడవకు దారి, ఎడమవైపు నుంచి తగులుతున్నది తప్పుకోవాలి. వంద గజాల దూరం నుంచే ‘స్టార్‌బోర్డ్!’ (కుడివైపు) అని కేక వినిపిస్తుంది.

ఈ నియమాల పుస్తకంలో మొట్టమొదటి నియమం గెలుపు గురించి కాదు. ప్రమాదంలో ఉన్నవాళ్లకు చేతనైనంత సాయం చేయాలన్నదే మొదటి నియమం. సాయానికి ఆగి నష్టపోయిన పడవకు కమిటీ న్యాయం చేస్తుంది. తుపాను రాత్రుల్లో ఒకరి కోసం ఒకరు పడవలు వేసుకుపోయిన చరిత్ర ఉన్న తీరానికి ఈ నియమం కొత్తది కాదు.

◆ ఇక్కడ తక్కువ మార్కులవాడే గెలుస్తాడు. మొదటి స్థానానికి 1, రెండో స్థానానికి 2, అలా. కొన్ని పందేలయ్యాక ఒక్కొక్కరి అధ్వాన ఫలితం ఒకటి తీసేస్తారు.

◆ హుస్సేన్ సాగర్ ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1560ల్లో తవ్విన చెరువు. దాని మీద 1980ల నుంచి ఏటా జరుగుతున్న హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కు దేశం నలుమూలల నుంచీ లేజర్ సెయిలర్లు వస్తారు. సికింద్రాబాద్‌లోని సైన్యపు ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ దీనికి అండ. సుహేమ్ షేక్ స్థాపించిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వానాకాలంలో మాన్‌సూన్ రెగట్టా నడుపుతుంది. ఈ క్లబ్బు చేసిన గొప్ప పని, పడవ ఖర్చు ఊహకు కూడా అందని ఇళ్ల పిల్లల చేతికి చుక్కాని ఇవ్వడం. ఈ నీళ్లలోనే ఆట నేర్చుకున్న ప్రీతి కొంగర హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 470 తరగతి మిక్స్‌డ్ పోటీలో భారత్ తరఫున పాల్గొంది. 470 ఇద్దరు నడిపే డింగీ, పొడవు 4.70 మీటర్లు. అదే క్రీడల్లో విష్ణు శరవణన్ ఒంటరి డింగీలో కాంస్యం గెలిచాడు.

హుస్సేన్ సాగర్ చుట్టూ భవంతులు, చెట్లు ఉండటంతో అక్కడ గాలి ఘడియకోసారి దిక్కు మారుతుంది. ఆ చికాకే అక్కడి పిల్లలకు చురుకుతనం నేర్పింది.

◆ 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి ఐఎన్ఎస్‌వీ తారిణి మీద తెరచాపతో ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఆరుగురు నేవీ మహిళల్లో ఇద్దరు తెలుగునేల వాళ్లు. పి. స్వాతి విశాఖపట్నం, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్లు. పసిఫిక్‌లో 60 నాట్లకు మించిన గాలిని తట్టుకుని వచ్చారు.

◆ దివిసీమలో గాలి మాట ఎత్తితే ముందుగా గుర్తొచ్చేది ఆట కాదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరులో సుమారు ముప్పై వేల మందిని తీసుకుపోయింది. 1977 నవంబరు 19న దివిసీమ ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ రోజు పేరు చెప్పుకోని కుటుంబం అక్కడ అరుదు. అందుకే గాలితో ఆడుకోవడం అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. పాతకాలపు ఓడలవాళ్లు కూడా అక్టోబరు వచ్చేసరికి ఈ తీరం వదిలి పోయేవారు. ఈనాటి పందేల్లోనూ గాలి మితిమీరితే ఎరుపు తెలుపు చారల జెండా ఎగరేసి పందెం వాయిదా వేస్తారు. ఎప్పుడు ఒడ్డున ఉండిపోవాలో తెలియడం సెయిలర్‌కు చుక్కాని పట్టడమంత ముఖ్యం. అది ముందుగా చెప్పేందుకు వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ బందరులోనే ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా మధ్యాహ్నాలు సముద్రం నుంచి వచ్చే గాలి చిన్న పడవలకు తగినదని నా నమ్మకం.

◆ నాగాయలంక రేవు దగ్గర కృష్ణ వెడల్పుగా ఉంటుంది. ఎదురుమొండి దీవులకు పంటు మీద దాటేవాళ్లకు అక్కడి గాలి, ఆటుపోట్లు బాగా తెలుసు. అక్కడ కయాకింగ్, కనోయింగ్ నేర్పుతున్నారు. 2025 జూన్‌లో మంగినపూడిలో జరిగిన మసులా బీచ్ ఫెస్టివల్‌లో కూడా ఆ పోటీలు పెట్టారు. అవన్నీ తెడ్డు వేసే పడవలు. తెడ్డు అలవాటైన పిల్లలకు నీళ్లంటే బెదురు పోయినట్టే. వాళ్ల పక్కనే నాలుగు ఆప్టిమిస్టులు, రెండు లేజర్లు, ఒక రక్షణ బోటు ఉంటే చాలు, క్లబ్బు మొదలైనట్టే. లేజర్ పలక నీళ్లలో దిగేది మీటరు కూడా ఉండదు, మేట వేసిన పాయల్లో మాత్రం పోటు చూసుకుని దిగాలి. గిలకలదిండి పడవలవాళ్లు రోజూ చూసుకునేది అదే.

◆ వానాకాలంలో హైదరాబాదు వెళ్లినప్పుడు పందెం కనిపిస్తే ముందున్న పడవను చూడకండి. గీత దాటగానే కొన్ని పడవలు ఎడమకు, కొన్ని కుడికి విడిపోతాయి. ఎవరు ముందున్నారో వాళ్లకే తెలియదు. కుడిపక్క వాళ్లకు గాలి కాస్త తిరిగి అనుకూలిస్తే వెనకబడ్డట్టు కనిపించినవాళ్లే మొదటి బోయా దగ్గర ముందు తేలుతారు. రెండు గుంపులూ ఆ బోయా దగ్గర కలిసేదాకా అటూ ఇటూ రెండింటినీ గమనించండి, ఆట అప్పుడు అర్థమవుతుంది.